ఆకాశం నుంచి చేపల దాకా

లువోయాంగ్ నగరం. చక్రవర్తి ఆజ్ఞ మీద పాత పుస్తకాలన్నిటినీ కత్తిరించి, విషయాలవారీగా అతికించి, ఒకే మహాగ్రంథంగా కూరుస్తున్న మందిరం. అక్కడ పనిచేసే లు షెన్ ఎదుట అతని వదిన నిలబడి ఉంది.

“మీ అన్న పోయిన మూడోనాడు ఆయన రాసుకున్న కాగితాల చుట్ట తెచ్చి నీ చేతిలో పెట్టాను. పెట్టానా, లేదా?”

“పెట్టారు వదినా. కూర్చోండి, తేనీరు తెప్పిస్తాను.”

“నీ తేనీరు నువ్వే తాగు. చుట్ట ఏది?”

“ఇక్కడే ఉంది. మొత్తం ఇక్కడే...”

“ఇక్కడంటే? ఈ పీలికలా?”

“పీలికలు కావు, చీటీలు. వానల గురించి రాసింది ‘ఆకాశం’ కింద పెట్టాం. వరద సంగతి ‘నదులు’ కింద. ఇదిగో, ఇక్కడ వలలు, చేపలు...”

“ఇరవై ఏళ్ళు రాశాడయ్యా మనిషి! చేపని కోసినట్టు కోశావు. సొంత అన్నని!”

“మెల్లగా వదినా. పక్కగదిలో పెద్దలున్నారు.”

“విననీ! వాళ్ళ పుస్తకాలు కూడా కోశావేమో అడుగుతాను.”

“అందరివీ కోస్తాం. చుట్ట ఒక్కటే ఉంటే బూడిద కావడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇందులో చేరితే ఎన్నో నకళ్ళు...”

“ఆ పాఠాలు మీ పెద్దలకి చెప్పు. నాకు చదువు రాదు, నిజమే. మా యింగ్ సంగతి ఏ గుట్టలో ఉందో చూపించు. అదొక్కటి పట్టుకుని పోతాను.”

“యింగ్...”

“అవును, నా కూతురు! పేరు మర్చిపోయావా? అది పోయాక ఏడాది పొడుగునా మీ అన్న ఆ చుట్ట ముందేసుకు కూర్చునేవాడు. సిరాలో కుంచె తడిపేవాడు. నేను చూశాను.”

“‘తల్లిదండ్రుల్ని సేవించిన కూతుళ్ళు’ అని ఒక విభాగం ఉంది వదినా. అందులో పెట్టాను. తల్లి మంచాన పడితే, తన తొడకండ కోసి గంజిలో కలిపి తాగించిందని...”

“ఎవరు? అదా? ఆరేళ్ళ పిల్లా? దానికి బేరిపండు కోసుకోవడమే రాదు!”

“అలా రాస్తేనే చోటు. ఊరికే జ్వరమొచ్చి పోయిన పిల్లలకి మా పట్టికలో...”

“పీకెయ్.”

“వదినా...”

“పీకెయ్! ఇప్పుడే, నా కళ్ళముందే. మీ అన్న ఏం రాశాడో అదే అతికించు.”

“వద్దు వదినా. నా మాట వినండి.”

“ఏం? ఆయన రాత నీ పట్టికకి ఆనదా?”

“అన్నయ్య పాప పోయిన రోజు తేదీ ఒక్కటే వేశాడు వదినా. దాని కింద బెత్తెడు కాగితం ఖాళీగా వదిలిపెట్టాడు. ఆ చోట ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.”