పొట్టలో మిరపగింజలు

కదలకు అక్కా, కుడుతున్నాగా! బొమ్మవి, నీకేం నొప్పి? పడాల్సిందంతా బతికున్నప్పుడే పడ్డావు.

చూడు, నీ మొగుడు చేసిన పని! గొంతు నుంచి పొట్ట దాకా బ్లేడుతో చీరేశాడు. నీ పెళ్లిచీరతో నెల్లాళ్లు కూర్చుని కుట్టానే, ఆ బొమ్మని!

ఎందుకంటావా? మేడ మీద మిరపకాయలు ఆరబోస్తూ నువ్వు జారిపడ్డావని వీరబాబు బావ చెప్తే ప్రత్తిపాడంతా నమ్మింది. నేనూ నమ్మాను, ఛీ! నీ ఆరేళ్ల కూతురు తేజశ్రీ మాత్రం ఎవరొచ్చినా నిన్ను మంచం అంచున నిలబెట్టి వెనక నుంచి తోసేది. "నాన్న ఇట్లా తోశాడు" అనేది.

నిన్న బావని చూసుకోడానికి రెండో పెళ్లి సంబంధం వాళ్లొచ్చారు. వాళ్ల ముందూ అదే ఆట. కాఫీ గ్లాసులు అక్కడే పెట్టి లేచి వెళ్లిపోయారు.

నేను మేడ మీద కాయలు తిరగేస్తున్నా. ఒక చేత్తో నిన్ను, ఇంకో చేత్తో తేజశ్రీ జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. "ఈ ఉదయశ్రీ మొహం పీకేసి ఇంకెవరి మొహమైనా కుట్టు" అన్నాడు.

"మొహం మారిస్తే ఆట మారుద్దా బావా?" అన్నాను.

అంతే, పిల్లని లాగి కొట్టాడు. పెదవి చితికి నెత్తురు కారింది. "నిన్ను కూడా మీ అమ్మ దగ్గరికే పంపుతా" అంటూ అంచుకి లాక్కెళ్లాడు. ఒక చేత్తో దాని జుట్టు పట్టుకునే, నిన్ను కాలి కింద తొక్కిపెట్టి, జేబులో బ్లేడు తీసి చీల్చి, దూది పీకి గాల్లోకి విసిరాడు.

ఎలకలు కొట్టకుండా దూదిలో మిరపగింజలు దంచి కలుపుతాంగా మనం? ఏడేళ్లు కాపురం చేశాడు, ఆ సంగతి కూడా తెలీదు వెధవకి! ఎదురుగాలి. కారమంతా కళ్లలో పడింది. అరుస్తున్నాడు గానీ పిల్ల జుట్టు వదల్లేదు. మిరప బస్తాలు కుట్టే దబ్బనం తీసి వాడి మణికట్టులో కసుక్కున దించాను. అప్పుడు వదిలాడు.

"కోటేశ్వరీ, నీళ్లు! నీళ్లు!" అన్నాడు. బిందె నా పక్కనే ఉంది.

బిందె ముట్టుకోలేదు అక్కా. వాడి వీపు మీద చెయ్యేసి తోశాను. రెండు చేతులతో తోశాను.

కాయలు ఆరబోస్తూ జారాడండీ అన్నాను కానిస్టేబుల్ పేరయ్య గారితో. రాసుకున్నారు. నీకు రాసిందీ అదేగా.

ఇందాక తేజశ్రీ ఒళ్లో కూర్చుంది. నాన్న బొమ్మ కావాలంట. పిన్ని బొమ్మ కూడా కావాలంట.

చెయ్యక చస్తానా?