వీధి జరిగినా జరగని బల్ల

మా మేస్త్రి ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ మర మీద చెక్క కోశాడు, రిటైరయ్యాక టీ కొట్టు దగ్గర కోతలు కోస్తున్నాడు. ఈ మాట ఆయన మొహం మీదే అంటాం. ఆయనా నవ్వుతాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ రోజు సాయంత్రం వాన పట్టుకుని, జనమంతా కొట్టు రేకు కింద ఇరుక్కున్నాం. ఎటూ పోలేని జనాన్ని చూసేసరికి మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"ఇదీ ఒక బల్లేనా?" అన్నాడు, కూర్చున్న బెంచీని అటూ ఇటూ ఊపుతూ. "బల్లంటే నేను చేసుకున్నదయ్యా. వయసులో ఉండగా, చేత్తో వడ్రంగం చేసుకోవడానికని, నా బల్ల నేనే చేసుకున్నాను. మర లేదు, మేకు లేదు. ఒక దుంగ, ఒక రంపం, ఒక ఉలి, చెక్క నునుపు చేసే చిత్రిక ఒకటి, అంతే. కాళ్లు నాలుగూ కన్నాల్లోకి దిగ్గొట్టి నిలబెట్టానా, ఇక చిత్రిక ఎంత బలంగా తోసినా కదిలితే ఒట్టు."

"బరువైన బల్ల కదలదు మేస్త్రీ, అందులో వింతేముంది?" అన్నాడు సైకిల్ షాపాయన.

"వింత లేదా? ఈ చివర గ్లాసు నిండా టీ పెట్టి ఆ చివర చెక్క చదును చేశానయ్యా. టీ తొణకలేదు సరికదా, గ్లాసు అంచు మీద ఈగ వాలి ఉంటే దాని కునుకు చెడలేదు! ఇక పైభాగం నునుపంటావా, చూద్దామని ఒక నీటి చుక్క వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎటు జారాలో దానికి తెలియలేదు. వాలు ఉంటే కదా! అటు చూసింది, ఇటు చూసింది, చివరికి సిగ్గుపడి ఆవిరైపోయింది."

"పాపం" అంది టీ కొట్టావిడ, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"ఆ బల్లకి, చెక్కని పట్టుకోవడానికి ఒక వైసు బిగించాను చూడు, దాని పట్టు గురించి చెప్తే మీరు నమ్మరు."

"ముందు చెప్పినవి నమ్మినట్టు!"

"ఎండి ఎండి కట్టెలా ఉన్న చెక్క అందులో పెట్టి ఒక్క తిప్పు తిప్పాను. నీళ్లు కారాయి! ఏం నీళ్లు? అది చెట్టుగా ఉన్నప్పుడు తాగిన నీళ్లు. ఇంకో తిప్పు తిప్పితే చిగురు పెట్టింది."

"పిట్టలు వాలలేదా?"

"వాలేవే, నేనే తోలేశాను, పనికి అడ్డమని. ఇదంతా ఒక ఎత్తు, ఆ భూకంపం ఒక ఎత్తు. తెల్లారి చిత్రిక పడుతున్నానా, ఒక్కసారిగా ఊరంతా ఊగిపోయింది. గోడలు కదిలాయి, కరెంటు స్తంభాలు కదిలాయి, ఎదురింటాయన మంచంతో సహా వీధిలోకొచ్చాడు. నా బల్ల? అంగుళం జరగలేదు! కింద భూమే రెండు గజాలు పక్కకి తప్పుకుంది. అప్పట్నించీ మా వీధి వంకరే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజనీరు నా ఇంటికొచ్చి చేతులు కట్టుకుని, 'అయ్యా, తమరు ఆ బల్ల కాస్త జరిపితే వీధి సరిచేసుకుంటాం' అన్నాడు. కుదరదన్నాను. వీధులదేముందయ్యా, మళ్లీ వేసుకోవచ్చు!"

రేకు మీది వాన చప్పుడు వినిపించనంతగా నవ్వాం. నవ్వుతూనే సైకిల్ షాపాయన అడిగాడు: "ఇంతకీ ఆ బల్ల ఇప్పుడెక్కడుంది మేస్త్రీ?"

మేస్త్రి నోరు తెరిచేలోగా వెనకనుంచి ఒక ఆడగొంతు జవాబు చెప్పింది.

"బయట వ్యానులో ఉంది, చిన్నాన్నా."

అందరం తిరిగి చూశాం. నలభై దగ్గర పడుతున్న మనిషి, కొంగు తల మీదికి లాక్కుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు. మేస్త్రి ఆమెను గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. గుర్తుపట్టాక లేచి నిలబడ్డాడు.

"నువ్వా తల్లీ? అన్నయ్య..."

"ఉన్నాడు. నడుము పడిపోయింది. మంచం మీదే అన్నీ. బల్ల నీకు చేర్చమన్నాడు."

"అదేంటమ్మా, బల్ల మేస్త్రిది కదా?" అంది టీ కొట్టావిడ.

ఆమె చిన్నాన్న వైపు చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది. "చేసింది మా నాన్న" అంది చివరికి. "దుంగ కోసేటప్పుడు రంపం రెండో వైపు పట్టుకున్నది చిన్నాన్నేనట. ఇద్దరూ కలిసి చేతిపని కొట్టు పెట్టుకోవాలనుకున్నారు. ఈలోగా చిన్నాన్నకి ఫ్యాక్టరీలో పని దొరికింది. సెలవు దొరికితే వస్తానన్నాడు. మిగతాదంతా నాన్న ఒక్కడే చేశాడు. కోత మాత్రం చిన్నాన్నదే."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి రేకెగిరిపోయేలా నవ్వేవాళ్లం. ఎవరూ నవ్వలేదు.

వాన తెరిపిచ్చింది. వ్యాను తలుపు తీసి, మేం నలుగురం పట్టుకుని బల్లని రేకు కిందికి దించాం. అది కదలదని మేస్త్రి చెప్పిన దాంట్లో పెద్ద అబద్ధమేం లేదు. కాళ్లు నేలకి ఆనగానే ఆమె అంది:

"చిన్నాన్నా, దాని పక్కన నిలబడి చెయ్యి కిందికి వదులు."

మేస్త్రి నిలబడ్డాడు. చెయ్యి వదిలాడు. బల్ల అంచు సరిగ్గా మణికట్టు దగ్గరికొచ్చింది. చిత్రిక పట్టేవాడికి బల్ల అంతే ఎత్తుండాలి. ఆ పని తెలిసినవాళ్లందరికీ తెలుసు.

"నాన్న నీకంటే తలంత ఎత్తు కదా" అంది ఆమె. "ఇన్నేళ్లూ దీని మీద వంగే పని చేశాడు. నడుము పట్టేసిందని రాత్రుళ్లు నేను నూనె రాస్తుంటే, బల్ల కాళ్ల కింద నాలుగు చెక్కముక్కలు పెట్టుకోరాదా నాన్నా అనేదాన్ని. 'వద్దులేవే, వాడొచ్చాక మళ్లీ తీయాలి' అనేవాడు."

మేమంతా మేస్త్రి నోటివైపే చూస్తున్నాం, ఎప్పుడూ మాట తడుముకోని మనిషి కదా. ఆయన వైసు దగ్గరికెళ్లి పిడి పట్టుకుని తిప్పాడు. మెత్తగా తిరిగింది. రోజూ నూనె పడ్డ మర అది.

"నా మీద కోపంగా ఉన్నాడా?" అన్నాడు, పిడి మీంచి చెయ్యి తీయకుండా.

"ఏమీ అనలేదు. వ్యానెక్కిస్తుంటే మంచం మీంచే 'మూలలు తగలనీకండి' అన్నాడు, అంతే."

టీ కొట్టావిడ ఇద్దరికీ టీ ఇచ్చింది. అన్న కూతురు తాగింది. మేస్త్రి గ్లాసు బల్ల మీదే చల్లారిపోయింది. "నేనుండేది మేడ మీద ఒక గది" అన్నాడు. "ఇది మెట్లెక్కదు. తలుపులోనూ పట్టదు." "ఎక్కించండయ్యా, వెనక్కి" అన్నాడు మాతో. డ్రైవర్ పక్కన అన్న కూతురు ఎక్కాక ఇంకొకరికి చోటున్నా అక్కడ కూర్చోలేదు. వెనకాల ఎక్కి, బల్ల కాలు పట్టుకుని కింద కూర్చున్నాడు.

ఆ తర్వాతి సంగతి, మళ్లీ ఇటొచ్చినప్పుడు డ్రైవర్ చెప్పాడు. అక్కడికి చేరేసరికి పెద్దాయన మెలకువగానే ఉన్నాడట. తమ్ముడు వెళ్లి మంచం పక్కన నిలబడితే, ఇన్నాళ్లూ ఏమైపోయావనీ అడగలేదు, కూర్చోమనీ అనలేదు.

"ఎత్తు సరిపోయిందిరా?" అన్నాడట.

"సరిపోయింది అన్నయ్యా."

"అనుకున్నాను" అని, కూతురి సాయంతో మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడట.