అరటిబోదె సిగరెట్ కాగితం

"అమ్మమ్మా, తాతయ్య సిగరెట్లకి కాగితం కనిపెట్టేరంట కదా? అమ్మ చెప్పింది."

మీ అమ్మా? దానికప్పుడు ఏడేళ్లు, దానికేం తెలుసే. కనిపెట్టేరు, ఆయ్, కనిపెట్టేరు. కనిపెట్టి ఏం లాభం, ఎవరూ కాల్చలేకపోయేరు. కాదు కాదు, కాల్చేవాళ్లు కాల్చేరనుకో. ఉండు, మొదట్నుంచీ చెప్తాను. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నాకే వినపడ్డం లేదు.

మీ తాతయ్య పెళ్లయిన కొత్తలో ఒక కాగితం మిల్లులో చేసేవారు. సిగరెట్టుకి చుడతారే పల్చటి కాగితం, ఆ సెక్షన్లో. ఆ సెక్షన్ ఎత్తేసేక ఇక్కడికి, కొత్తపేట వచ్చేసేం. ఇక్కడేమో ఎటు చూసినా అరటితోటలే కదా. గెల కొట్టేసేక బోదె నరికి గట్టుమీద పారేస్తారు. అది చూసేసరికి ఈయన బుర్రలో పురుగు తొలిచింది. ఆ నారతో సిగరెట్ కాగితం చేస్తానని కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే మా పెద్దబావగారు కువైట్ నుంచి కబురెట్టేరు, డ్రైవరు పనుంది, వీసా పంపిస్తానని. నాకిష్టం లేదమ్మా. ఉన్నమాట చెప్తున్నాను, ఆయన ఒక్కపూట కనపడకపోతే నాకు అన్నం సయించేది కాదు. నవ్వకు. ఆయన ఏమన్నారంటే, "ఏడాది చూస్తాను, కాగితం కుదిరితే ఉండిపోతాను, కుదరకపోతే వెళ్తాను" అన్నారు. ఇంక ఆ కాగితం కుదరాలని నేను మొక్కని దేవుడు లేడు.

బోదె ముక్కలు కోసి, సోడా వేసి కాగులో ఉడకబెట్టి, రోట్లో వేసి నేనే దంచేదాన్ని. చేతులు చూడు, ఇప్పటికీ ఎలా ఉన్నాయో. ఆ గుజ్జు తొట్టెలో కలిపి, దోమతెర కట్టిన చట్రంతో పైకి తీసి, గోడకి ఆరేసేవారు. అందులో సుద్దపొడి కలపాలి. సుద్ద ఎక్కువైతే గబగబా కాలిపోతుంది, తక్కువైతే ఆరిపోతుంది. కిటుకంతా సుద్దలోనే ఉందనేవారు.

చేసేరు సరే, కాల్చి చూసేదెవరు? ఆయనకేమో బీడీ పొగ తగిలితేనే ఆయాసం. వీధిలో మగాళ్లకిచ్చేరనుకో, ఊరికే వస్తే గడ్డి చుట్టిచ్చినా బ్రహ్మాండంగా ఉందండీ అంటారు. అప్పుడు మా అమ్మ, అంటే మీ తాతమ్మ, మా దగ్గరే ఉండేది. మా పుట్టిల్లు శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డున కదా, అక్కడ ఆడాళ్లు చుట్ట తాగుతారు. అల్లుడి ఎదురుగా నిలబడి మాట్లాడ్డమే తప్పనుకునే మనిషి మా అమ్మ, ఇంక ఎదురుగా చుట్ట తాగుతుందా? ఈయన పొగాకు ఆ కాగితంలో చుట్టి నాకిచ్చేవారు, నేను అమ్మకిచ్చేదాన్ని, ఆవిడ పెరట్లో నూతి వెనకాల కూర్చుని తాగేది. తర్వాత తలుపు చాటునుంచి నాకు చెప్పేది, నేను ఆయనకి చెప్పేదాన్ని.

"అల్లుడుగారితో సెప్పవే, బేగి కాలిపోతంది, నాలిక సుర్రుమంటంది" అనేది. ఈయన సుద్ద తగ్గించేవారు. "తడికి మెత్తబడి ఊడిపోతంది" అనేది. గంజీ తుమ్మబంకా కలిపేవారు. ఓరోజు "బూడిద నోట్లో రాలతంది" అంది. ఈయన పుస్తకంలో రాసుకుంటూ ఆగిపోయేరు. "బూడిద నోట్లోకెలా వస్తుందోయ్?" అన్నారు. కాసేపాలోచించి, "ఎదురుగాలేమో" అని ఆయనే సమాధానం చెప్పుకుని, అదే రాసేసుకున్నారు.

అలా ఏడాది గడిచింది. చివరికి మా అమ్మ "ఇప్పుడు బాగుంది" అంది. ఆయన సంబరం చూడాలి! గుంటూరు నుంచి సిగరెట్ కంపెనీ ఆయన్ని పిలిపించేరు. నేను పనసపొట్టు కూర చేసేను, బొబ్బట్లు చేసేను. భోంచేసి కంపెనీ ఆయన అరుగుమీద కూర్చుని మా సిగరెట్ అంటించేరు. పీల్చేరు. ఆరిపోయింది. మళ్లీ అంటించేరు, మళ్లీ ఆరిపోయింది. అగ్గిపెట్టె సగమైంది. "ఏవండీ, వానలో కాల్చుకోడానికి చేసేరా?" అన్నారు.

మీ తాతయ్య మొహం నల్లబడిపోయింది. నాకు కువైట్ విమానం కళ్లముందు కనపడింది. అల్లుడి పరువు పోతోందని మా అమ్మకెంత పౌరుషం వచ్చిందో, తలమీద కొంగేసుకుని ఎప్పుడూ రానిది అరుగుమీదకొచ్చేసింది. సిగరెట్ తీసుకుని అంటించింది. నిప్పున్న కొస లోపలికి తిప్పి నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది! అడ్డపొగ అంటారమ్మా దాన్ని. చేతులు కట్టుకుని, ముక్కులోంచి పొగ వదుల్తూ, "ఆరిందేటి బాబూ? నాకెన్నడూ ఆరనేదు" అంటోంది.

కంపెనీ ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. మీ తాతయ్య నాకేసి తిరిగి, "ఇన్నాళ్లూ ఇలాగేనా?" అన్నారు. "నన్నెవరడిగేరండీ? మీకు తెలుసనుకున్నాను" అన్నాను. కంపెనీ ఆయన వెళ్తూ వెళ్తూ, "పనితనం గొప్పదేనండీ, మా సిగరెట్లు తాగేవాళ్లే రెండోవైపు నుంచి తాగుతారు" అన్నారు. బొబ్బట్లు మాత్రం పొట్లం కట్టించుకున్నారు.

ఇంక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాం. అప్పుడు ఉప్పలగుప్తం వైపు నుంచి చేపలు తెచ్చే ఒకావిడ ఉండేది, ఆవిడదీ అడ్డపొగే. మా అమ్మ ఆవిడకొకటిచ్చింది. తడిచేతుల్లో ఆకుచుట్ట విడిపోతుంది కదా, ఇది విడిపోలేదు, ఆరిపోలేదు. వారం తిరక్కుండా అయిదుగురు కొనుక్కోడానికొచ్చేరు. తర్వాత లెక్కలేదు. మీ తాతయ్య కువైట్ మాటెత్తలేదు. రెండేళ్లమ్మా, నేను మహారాణిలా ఉన్నాను.

ఓరోజు మా అమ్మ పులుసన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కెవ్వుమంది. అమలాపురం తీసుకెళ్లేం. డాక్టరుగారు లైటేసి మమ్మల్నీ చూడమన్నారు. అంగిలంతా తెల్లగా, కాలిపోయి ఉంది. "ఇప్పుడు మానేస్తే బతుకుతారు, లేకపోతే ఇది కేన్సరవుతుంది" అన్నారు. మా అమ్మ మానేసింది, నెల్లాళ్లు ఇంట్లో ఎవర్నీ బతకనివ్వలేదనుకో, కానీ మానేసింది.

మీ తాతయ్య ఇంటికొచ్చి తొట్టెలో గుజ్జంతా కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసేరు. మర్నాడు సైకిలేసుకెళ్లి ఆ చేపలావిళ్లందరికీ డాక్టరుగారి మాట చెప్పొచ్చేరు. ఇద్దరు మానేరు, మిగతావాళ్లు తిట్టేరు. నేనూ తిట్టేను. "మీరు చెయ్యడం మానేస్తే వాళ్లు ఆకు చుట్టుకుని తాగరా?" అని గొడవ పడ్డాను. "తాగుతారు. నా చేత్తో చేసింది తాగరు" అన్నారు. అంతే. వీసా పంపమని పెద్దబావగారికి ఉత్తరం రాసేసేరు.

బస్సెక్కేదాకా నేను ఆయనతో మాట్లాడలేదే. అంత కోపం. ఆ మనిషి చేసింది తప్పు కాదని తెలుసు, అందుకే ఇంకా కోపం. బస్సు కదిలేక కిటికీలోంచి తల బయటపెట్టి, "కోపం తగ్గేక ఉత్తరం రాయి" అన్నారు. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోలేదు, రాయడం మొదలెట్టేను. ఆయనింకా విమానమెక్కే బొంబాయి కూడా చేరుండరు.

ఏం రాసేనా? పోవే, అన్నీ నీకే చెప్తానా... నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ. లే, లేచి ఆ ఫ్యాను పెంచు.