కోళ్ళ గూట్లో దీపం

పొద్దున్నే వంటింట్లో కోడలు, ఆమె భర్త, మామగారు.

"తువాల్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టారా? అలారాన్నా?"

"మరేం చెయ్యను? ఇంత చలిలో, తెల్లారకముందే చెవి పక్కన గణగణమంటే?"

"అనడానికే కదండీ అది ఉన్నది!"

"అననీ. బియ్యానికి వినపడనీ."

"నవ్వకండి. లేచేసరికి బారెడు పొద్దెక్కింది. కోళ్ళకి దీపం పెట్టలేదు."

"విన్నారా నాన్నా? మహారాణులకి ఇవాళ దీపం లేదట."

"విన్నాన్రా. మా అమ్మా పెంచింది కోళ్ళని. వాటికి దీపమా? చదువుకోవడానికి మాకే ఉండేది కాదు."

"మరి చలికాలంలో గుడ్లు పెట్టేవా మావయ్యగారూ?"

"పెడితే తినేవాళ్ళం, లేకపోతే ఊరుకునేవాళ్ళం."

"బేకరీ ఆవిడ ఊరుకోదు. ఏడాది పొడుగునా ఇస్తేనే నా గుడ్లు తీసుకుంటానంది. చలికాలం పొద్దు తక్కువ. వెలుతురు తగ్గితే కోడి గుడ్డు మానేస్తుంది. తెల్లవారుజామున బల్బు వేసి పగటిని కాస్త పొడిగించాలి, అంతే."

"పగటిని పొడిగిస్తుందట నాన్నా! చదువుకున్న కోడలు కావాలన్నారుగా, అనుభవించండి."

"సూర్యుడికి సెలవిచ్చేసిందిరా నీ పెళ్ళాం."

"వేళాకోళం తర్వాత. దీపం పెట్టిన కొత్తలో బుట్టనిండా గుడ్లు. ఇప్పుడు ఒకటీ అరా. మేత మార్చలేదు, నీళ్ళకి లోటు లేదు. పైగా ఈకలు రాలుస్తున్నాయి."

"ఫ్యాషనేమో."

"దీపం రోజూ ఒకే వేళకి ఉండాలండీ. ఓ రోజు ఉండి ఓ రోజు లేకపోతే ఇలాగే గుడ్లు మాని ఈకలు రాలుస్తాయి. కానీ ఇవాళ తప్ప నేనెప్పుడూ తప్పలేదే! మావయ్యగారూ, అటు తిరిగారేం?"

"కాఫీ చల్లారిపోతోందమ్మాయ్."

"మీ చేతిలో కాఫీ లేదు."

"అదే, ఇంకా ఇవ్వలేదంటున్నా."

"మావయ్యగారూ."

"ఏమిటా చూపు? కిటికీలోంచి వెలుగు కళ్ళల్లో కొడుతోందని వెళ్ళి ఆర్పాను. రోజూ ఏం కాదు. మెలకువ వచ్చిన రోజున."

"నేను బల్బు వేసి ఇటు రాగానే?"

"నువ్వు చూస్తే ఊరుకోవుగా."

"ఏమండీ, ఇది మీకు తెలుసా?"

"తెలిస్తే మాత్రం? పెద్దాయన నిద్రకన్నా ఎక్కువా నీ కోళ్ళు?"

"ఒక్క మాట చెబితే దీపాన్ని అటు తిప్పేదాన్ని కదా."

"చెప్పడానికేముంది! నా ఇంట్లో నేను కోడిగూటికి అర్జీ పెట్టుకోవాలా? గుడ్డు పెట్టని కోడికి మేత దండగ. మాంసం కొట్టువాణ్ణి సాయంత్రం రమ్మంటాను."

"కొత్త ఈకలు రాగానే అవి మళ్ళీ పెడతాయి మావయ్యగారూ."

"రమ్మంటానన్నానా, లేదా?"

అదే రోజు మధ్యాహ్నం, భోజనాల దగ్గర.

"దొడ్డి ఇంత ప్రశాంతంగా ఉందేమిట్రా?"

"దీపం పెట్టలేదని అలిగాయి నాన్నా."

"యజమానురాలు కూడా అలిగినట్టుంది. ఉలుకూ పలుకూ లేదు."

"అలగలేదు మావయ్యగారూ, వడ్డిస్తున్నాను. ఇంకొంచెం కూర వెయ్యనా?"

"వెయ్యి. ఆ కొట్టువాడు వస్తానన్నాడు. కోళ్ళని ఓ చోట చేర్చి ఉంచు."

"రావద్దనండి. కోళ్ళు లేవు."

"లేవా?"

"మీరిద్దరూ బజారుకెళ్ళినప్పుడు బేకరీ ఆవిడ బండి పంపింది. ఆవిడ షెడ్డులో చాలా చోటుంది."

"మాతో ఒక్క ముక్క చెప్పకుండానా?"

"చెప్పడానికేముంది మావయ్యగారూ!"

"పీడా పోయింది నాన్నా. ఇకనైనా హాయిగా పడుకుందాం."

"పడుకోండి. కాఫీ మాత్రం మీరే పెట్టుకోవాలి. ఆ షెడ్డు పని ఆవిడ నాకే ఇచ్చింది. రేపట్నుంచి మీరు లేచేసరికి నేనుండను."

"ఉద్యోగమా? నువ్వా? కోళ్ళకా?"

"కోళ్ళకే. జీతం ఆవిడిస్తుంది."

"పోన్లేరా, నాలుగు రోజుల ముచ్చట. చలికాలం దాటితే ఆ దీపాల అవసరమూ ఉండదు, ఈవిడ అవసరమూ ఉండదు."

"చలికాలానికేనా అని ఆవిడా అడిగింది మావయ్యగారూ. ఏడాది పొడుగునా వస్తానని చెప్పాను."