పేరంటాలు తెచ్చిన రెండో పొయ్యి

పేరంటాలని ఉండేది, మాల్యాద్రి పెళ్ళాం. ఉండేదేంది, ఇప్పుడూ ఉంది, పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం పక్కనిల్లే. మంచిదే పాపం, చేతిలో పని ఉంటే కూర్చోదు, కాకపోతే ఆలోచన కంటే మాట ముందు పడిపోయిద్ది ఆమెకి. ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ కలిసే ఉంటారు. పెద్దోడు మాల్యాద్రి, చిన్నోడు తిరపతయ్య, చిన్నోడి పెళ్ళాం వజ్రమ్మ. ఈళ్ళందరికీ పైన అత్త మాలకొండమ్మ. ముసలామెకి చూపు ఆనదు, నులక మంచం మీద కూర్చుని చెవులతోనే ఇల్లంతా చూస్తా ఉంటది. అందరికీ కలిపి ఒకటే వంట. ఏమైందంటే, చిలకబొమ్మ టీ పొడని వచ్చేది చూడు, ఆ ప్యాకెట్ల మీద చిలక బొమ్మలు కత్తిరించి సంచెడు పోగేసి టౌన్లో కంపెనీ కొట్లో ఇస్తే మిక్సీ ఇచ్చేవోళ్ళు. పేరంటాలు ఓపిగ్గా పోగేసి తెచ్చుకుంది. తెచ్చుకుంటే ఊరుకోవచ్చుగా? ఊళ్ళో ఆడోళ్ళందర్నీ పిలిచి కొబ్బరి పచ్చడి చేసి చూపిచ్చింది. నేనూ తిన్నా, అబద్ధం ఎందుకు, బానే ఉంది. సరే, ఆమె చెల్లెలు సామ్రాజ్యం చూడ్డానికొచ్చి ఆ మిక్సీని చేత్తో తడిమి తడిమి, "అదృష్టమే అక్కా నీది" అన్నదంట. అంతే, ఈమె నోరు ఆగలా. "నీకూ ఒకటి తెప్పిస్తా పో" అనేసింది. ఆ చెల్లెలేమో అత్తగారింటికి పోయి, మా అక్క మిక్సీ తెస్తదని అందరికీ చెప్పేసుకుంది.

ఇంకేముంది, మాట ఇచ్చేసె. టీ బంకుల కాడా, హోటళ్ళ కాడా ఖాళీ ప్యాకెట్లు అడుక్కుని మళ్ళీ సంచెడు చిలకలు కత్తిరించి టౌనుకు పోయింది. ఆ కొట్లో మనిషి ఈమె సెల్లు నంబరు కొట్టి చూసి, "నీకు ఇచ్చేశాం కదమ్మా, మళ్ళీ రాదు" అన్నాడంట. "నాక్కాదయ్యా, మా తోడికోడలికి" అని వజ్రమ్మ పేరు, సెల్లు నంబరు, ఇంటి నంబరు చెప్పింది. ఆయన అదీ కొట్టాడు. పేరు వేరు, సెల్లు వేరు, ఇంటి నంబరు మాత్రం ఒకటే పడింది తెర మీద. "ఒక ఇంటికి ఒకటేనమ్మా, రూలు" అన్నాడు. తిరిగి రావచ్చుగా అప్పుడన్నా? ఆహా. "మేం వేరు పడ్డామయ్యా" అన్నది. ఇల్లు ఒకటే గానీ పొయ్యిలు రెండయ్యా, ఎవరి తిండి వాళ్ళదే అని, అడక్కపోయినా ఇంకా నాలుగు మాటలు కలిపింది. "అట్టయితే మా మనిషి వచ్చి చూసుకుంటాడు. పొయ్యిలు వేరైతే ఇస్తాం. అబద్ధమని తేలితే మొదటిది కూడా తీసుకుపోతాం" అని చెప్పి పంపిచ్చాడంట.

ఇంటికొచ్చి చెబితే వజ్రమ్మ బెదిరిపోయింది. "ఎందుకక్కా, వేరు పడ్డామనే మాట నోటితో అనుకోవటం కూడా మంచిది కాదు" అన్నదంట. "నిజంగా పడతన్నామా ఏంది, ఒక్క పూట నాటకం" అని ఈమె కొట్టిపారేసింది. మొగోళ్ళు నవ్వుకున్నారనుకో. మాల్యాద్రే తడిక తెచ్చి వసారాకి అడ్డం కట్టాడు, తిరపతయ్య మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ఏశాడు. పొయ్యి పాతగా కనపడాలని కట్టెలు మండించి మసి పట్టిచ్చారు. గిన్నెలు పంచారు, చెంబులు పంచారు. "ఇది నీది, ఇది నాది, ఆ కల్వం నీకెందుకు, నాకుండనియ్" అని తోడికోడళ్ళిద్దరూ ఆ మనిషి ముందు ఎట్టా మాట్లాడాలో అట్టా మాట్లాడుకుని నేర్చుకున్నారంట. అంతా చేశారు గానీ ముసలామెకి మాత్రం చెప్పలా. ఎందుకు చెప్పలేదంటే, ఆమె అబద్ధం ఆడలేదు, వచ్చినోడి ముందు నిజం కక్కేసుద్దని. ఇనండి, అక్కడుంది తప్పంతా. ఆమెకి కళ్ళు లేవు గానీ చెవులున్నాయిగా! తడిక కట్టే చప్పుడు ఇన్నది. గిన్నెలు పంచే మాటలు ఇన్నది. ఎప్పుడూ లేంది వసారాలోంచి ఇంకో పొగ వచ్చి ముక్కుకి తగిలింది. అన్నీ ఇని, నోరు మెదపకుండా కూర్చుంది.

కంపెనీ మనిషి వచ్చాడు. ప్రభుదాసని, నెమ్మదస్తుడు, చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడంట. ఈ పొయ్యి చూశాడు, ఆ పొయ్యి చూశాడు, సెల్లుతో ఫోటోలు తీసుకున్నాడు. పేరంటాలు చెప్పాల్సినయ్యి గడగడా చెప్పింది. వజ్రమ్మ తల ఎత్తకుండా ఊ కొట్టింది. చివరికి ఆయన ముసలామె కాడికి పోయి, "అవ్వా, పెద్దదానివి నువ్వు చెప్పు, నువ్వు ఎవరి పొయ్యిలో తింటన్నావు?" అన్నాడు. అయిపోయింది ఇంక, ఒకటే పొయ్యని చెప్పేసుద్ది అనుకుంది పేరంటాలు. ముసలామె ఏం చేసిందో తెలుసా? మంచం కింద చెయ్యి పెట్టి ఒక మూట పైకి తీసింది. రెండు కోకలు, కంచం, తాగే చెంబు కట్టి పెట్టుకుని ఉంది అప్పటికే! "వచ్చావా నాయనా, పంపకాలు చేసే పెద్దమనిషివి నువ్వేనా? నన్ను ఎవరి వంతుకి ఏశారయ్యా? నాకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరికీ బరువైతే ఆ గొడ్ల సావిట్లో ఓ మూల పడుంటా. నా కంచం నా కాడే ఉంది, వాళ్ళని అడగను" అన్నది. ఏడవలా. మామూలుగా, ఎండ ఎక్కువగా ఉంది అని చెప్పినట్టు చెప్పింది.

ప్రభుదాసు తల దించుకున్నాడు. "నిజంగానే వేరు పడ్డారమ్మా, ఇంక చూసేదేం లేదు, మిక్సీ పంపిస్తాం" అని సెల్లు తీసి రాయబోయాడంట. చూడండి, పేరంటాలు గెలిచింది. నాటకం పండింది. అప్పుడు మాల్యాద్రి గడప కాడ నిలబడి ఉన్నాడు, భుజం మీద తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వజ్రమ్మ ఎనక్కి తిరిగిపోయింది. పేరంటాలు ఆ మూట వంక చూసింది. చూసి, అట్టాగే కింద కూలబడి, "రాయమాక అన్నా, రాయమాక. ఒకటే పొయ్యి. ఆ తడిక నిన్న కట్టిందే. సిగ్గు లేని పని చేశాను" అన్నదంట. ఆయనేం కేకలెయ్యలా. "మొదటిది తీసుకుపోవాలమ్మా మరి, ఇంక మీ ఇంటికి మా బహుమానాలు ఏవీ రావు" అన్నాడు. ఈమే లేచి మిక్సీ కడిగి, తుడిచి, గిన్నెలు మూతలతో సహా తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బజార్లో నడిచి పోతంటే అందరం చూశాం. పచ్చడి తిన్నోళ్ళం కూడా చూశాం. చెల్లెలికి ఏం చెప్పిందో నాకు తెలవదు, ఆ పిల్ల మాత్రం చాన్నాళ్ళు గడప తొక్కలా.

తడిక పీకేశారు, రాళ్ళు అవతల పారేశారు. "అత్తా, ఉత్తదే, మిక్సీ కోసం ఆడిన నాటకం, నీకు చెప్పకపోవటం మా తప్పు" అని పేరంటాలు కాళ్ళు పట్టుకుని చెప్పింది. మాల్యాద్రి చెప్పాడు, తిరపతయ్య చెప్పాడు. ముసలామె అన్నీ ఇని, "సరేలే అమ్మా" అన్నదంట. అన్నది గానీ, నమ్మలా. నన్ను చూసి జాలి పడి మళ్ళీ కలిశారు, లేకపోతే వేరే ఉండేవోళ్ళే అనుకుంటది లోపల. ఆ మూట ఇప్పలేదు కూడా. ఇప్పటికీ అంతే. పేరంటాలు కంచంలో అన్నం పెట్టి చేతికిస్తే, ముద్ద కలిపే ముందు, "ఇయ్యాళ ఎవరి వంతమ్మా?" అని అడుగుద్ది. ఎగతాళిగా కాదు, ఎవరికి రుణపడాలో తెలుసుకోటానికి అడిగినట్టు అడుగుద్ది. పేరంటాలు, "అందరిదీనత్తా" అంటది గానీ, ఆ మాట అన్న పేరంటాలుకే సరిగ్గా ఇనపడదు. పూటకోసారి అట్టా తల దించుకోవాల్సిందే. ఊరోళ్ళు అదీ ఇదీ అంటారు గానీ నేనేం అనను. నాకూ పేరంటాలుకీ మంచే, ఆ ఇంటికి పోతానే ఉంటా. కాకపోతే అన్నం వేళకి మాత్రం పోను. ఆ ముసలామె అడిగే మాట ఇనలేక.