చేతులు మాత్రమే తీస్తారంట

"నా చేతి పనికి నీ మొఖం అతికించిన పాపిష్టోళ్ళు ఎవురు సరసా? నువ్వా? ఆ కెమెరా పాపా? లేదంటే ఈ సంతకు పెద్దమనుషులని చెప్పుకొని తిరిగేవాళ్ళా?"

"మెల్లగా అక్కా. పక్క బల్లవాళ్ళు చూస్తాండారు."

ధర్మపురిలో ఒక కల్యాణమండపం అద్దెకు తీసుకొని పెట్టిన చేతిపనుల సంత అది. తలుపులు ఇంకా తెరవలేదు. వెల్లిచందై నుంచి పొద్దున బస్సుకు నల్లపూసల సంచి మోసుకొచ్చిన పెరుమాయి, తోడికోడలు సరసమ్మ బల్ల ముందర నిలబడింది. బల్ల మీద ప్రతి దండకూ ఒక అట్ట వేలాడుతోంది. ప్రతి అట్ట మీదా సరసమ్మ నవ్వుతోంది.

"చూడనీ. చూస్తేనే కదా వాళ్ళకూ తెలిసేది. ఏమి రాసిండారు దీంట్లో?"

"ఏముంది, పేరు."

"ఎవురి పేరు?"

"తమిళంలో ఉండాది అక్కా."

"తమిళంలో రాస్తే పేరు మారిపోతాదా? చదువు."

"'సరసమ్మ. మా అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చిన పని ఇది. ఒక్కొక్క పూసా నేనే...' అంతే. ఇంకేం లేదు."

"మీ అమ్మ రాళ్ళ క్వారీలో తట్ట మోసింది. పూస గుండ్రంగా ఉంటాదో పలకగా ఉంటాదో ఆయమ్మకు తెలీదు."

"సంతవాళ్ళు అడిగినారు. చెప్పే వేళకు నోట్లో అట్ల వచ్చేసె."

"నీ పని ఏమి? చెప్పు."

"రవికెలు."

"రవికెలు కుడతావు. చేత్తో కాజాలు కుడతావు, మిషన్‌కు కూడా అంత బాగా రాదు. నేను లేదనలే. దండ కట్టేది ఎవురు?"

"నువ్వు."

"వినపడలే."

"నువ్వే అక్కా, నువ్వే. ఇప్పుడు మండపమంతా వినపడేటట్లు చెప్పితే ఎవురికి లాభం? నిన్న ఏమాయెనో తెలుసా? పాలకోడు నుంచి పెండ్లివాళ్ళు వచ్చినారు. పెండ్లికూతురు తల్లి, ఎట్ల కడతావో ఒక ముడి వేసి చూపించమ్మా అనింది."

"చూపిస్తివా?"

"ఈ దినం అమావాస్య, దారం ముట్టకూడదంటిని."

"నిన్న యాడ అమావాస్య?"

"ఆయమ్మకు తెలీలే కదా. దండం పెట్టి, ఇంత పట్టింపుగా చేసేవాళ్ళు ఇప్పుడు లేరు తల్లీ అని రెండు దండలు తీసుకొని పోయింది. నవ్వొద్దు అక్కా."

"నవ్వేది నేను కాదు సరసా, అట్ట మీద నువ్వు. ఇంట్లో కూడా ఇదే కదా బాగోతం. పెండ్లివాళ్ళు వచ్చినారంటే నేను లోపలి గదిలోకి పోవాల. దగ్గు వచ్చినా దగ్గకూడదు. తలుపు సందులో నుంచి చూస్తాను, నీ చేయి చల్లని చేయి తల్లీ అని నీ కాళ్ళు ముట్టుకొని పోతారు. సరి, ఊరు కదా, పోనీ అనుకొంటిని. ఈడ కూడా అదేనా? ఈడ ఎవురికి తెలుసు నేను ఎవురో?"

"మొఖం చూస్తే తెలీదా? నీ మొఖాన బొట్టు లేదు కదా."

"అది చెప్పు మరి."

"చెప్పేసినాను. పోనీ ఒక పని చేస్తాను. వచ్చే సంతకు అట్ట వెనకాల నీ పేరు కూడా వేయమంటాను. చిన్నగా."

"వెనకాల, చిన్నగా."

"ఎవురైనా అడిగితే, సహాయానికి ఉండే ఆమె అని చెప్పొచ్చు."

"ఆ పక్క బల్ల చూడు. యాడనో మిల్లులో మూటలు కట్టించి తెచ్చుకొని చేతిపని చేతిపని అంటాండారు. వాళ్ళను అడిగేవాళ్ళు లేరు. చేతులున్న నేను మాత్రం సహాయానికి ఉండే ఆమె. సరి. దండలు అయిపోయినాయి, వెంటనే రా అని ఎందుకు ఫోన్ చేస్తివి? బల్ల నిండా ఉండాయే."

"అది... ఈ దినం వీడియో తీస్తారు."

"తీసుకో. అట్టలో నవ్వినట్లే నవ్వు."

"దండ కట్టేది తీస్తారు అక్కా. ఈ దినం కూడా అమావాస్య అంటే కుదరదు. ఆ కెమెరా పాప కవిప్రియ క్యాలెండర్ చూస్తాది."

"అందుకా నన్ను పిలిచింది."

"చేతులు మాత్రమే తీస్తారంట. నువ్వు ఈ పరదా వెనక కూర్చో, చేతులు ఇట్ల ముందరికి పెట్టు. మొఖం నాది వేరేగా తీసి, తరువాత రెండూ కలిపేస్తారంట. చూసేవాళ్ళకు తెలీనే తెలీదు."

"కాలు?"

"ఏం కాలు?"

"దారం కాలి బొటనవేలికి తగిలించి కదా నేను కట్టేది."

"కాలు వద్దంటారు. మంగళమైన వస్తువుకు కాలు తగిలేది చూపిస్తే బాగుండదంట. బల్లకు మేకు కొట్టించినారు చూడు, దానికి తగిలించు."

"మేకు ఇనుము. అది వంగదు, లాగదు. వేలు అయితే దారం ఎంత బిగువుండాదో నాకు చెప్తాది. మేకుకు కట్టిన దండ పది దినాల్లో సాగి పూసలు జారతాయి."

"జారనీలే. వీడియోకే కదా."

"ఆ పొట్లంలో ఏముండాది?"

"ఏం లేదు."

"సరసా."

"గాజులు."

"ఎవురికి?"

"చేతులు బోడిగా ఉంటే బాగుండదు కదా అక్కా. తీసినాక తీసేయొచ్చు. ఒక గంట సేపే. పచ్చవి తెచ్చినాను, నీ చేతికి బాగుంటాయని."

పెరుమాయి పొట్లం విప్పలేదు. బల్ల మీద దానిని పక్కకు జరిపి, మణికట్టు తిప్పి చూసుకుంది.

"ఏమి చూస్తాండావు అక్కా? కొలత సరిపోతాదిలే."

"నా మొగుడు తిమ్మరాయన్ పోయిన దినం ఈ చేతుల గాజులు పగలగొట్టినారే, అప్పుడు ఈ చేయి కదలకుండా పట్టుకోనుండింది ఎవురు?"

"అత్త పట్టుకోమనింది."

"పట్టుకోనుండింది ఎవురు?"

"నేనే."

"ముక్క ఇక్కడ దిగింది. గుర్తు ఉండాది చూడు. ఆ దినం నా చేతికి గాజులు ఉంటే ఊరికి చెడు. ఈ దినం లేకుంటే వీడియోకు చెడు. నా చేతులు ఎవురివో నాకే తెలీకుండా పోయింది సరసా."

"నేను పెట్టినానా ఆ శాస్త్రం? నల్లపూసలు ముత్తైదువులే కట్టాలంటారు. ముండమోసిన చేయి పడిందని తెలిస్తే ఒక్క దండ కొనరు. కొన్నవాళ్ళు కూడా తెచ్చి మొఖాన కొడతారు."

"నా మెడలో వేసినవి ఎవురు కట్టినారు?"

"పెద్దోళ్ళు."

"ఐదుగురు ముత్తైదువులు. పసుపు పూసుకొని, పాటలు పాడుకొని కట్టినారు. నా మొగుడు యాడ ఉండాడు? నేను తలుపు వేసుకొని, పాట లేకుండా కట్టినవి తుంబలహళ్లి నుంచి కడత్తూరు వరకు ఎన్ని మెడల్లో ఉండాయి? పోయి చూడు. మొగుళ్ళందరూ గుండ్రాళ్ళ మాదిరి ఉండారు. తాగి వచ్చి పెండ్లాలను కొట్టే బలం కూడా ఉండాది వాళ్ళకు."

"నాకు తెలుసు అక్కా."

"తెలిసి?"

"తెలిసి ఏమి చేసేది? ఇప్పుడు జనం వస్తువు చూసి కొనరంట, చేసేవాళ్ళ మొఖం చూసి కొంటారంట. ఆ మొఖానికి బొట్టు ఉండాల, తలలో పూలు ఉండాల. నాకు ఉండాయి, నీకు లేవు. అంతే కదా. దీంట్లో నా కుట్ర ఏముండాది?"

"నీకు ఎట్ల ఉండాయి అని నేను ఇన్నాళ్ళు అడగలేదు. ఆంజనేయన్ బోరు లారీ ఎక్కి పోయి ఎన్నేండ్లాయె? ఒక పండగకు వచ్చినాడా? ఒక ఫోన్ చేసినాడా? హిందీ దేశంలో ఇంకొక ఆడదానితో ఉండాడని పిల్లకాయలకు కూడా తెలుసు. ఆ మొగుని పేరు మీద నువ్వు పూలు పెట్టుకోవచ్చు. నా ఒళ్ళో తల పెట్టి ప్రాణం విడిచినోని పేరు మీద నేను పూస ముట్టకూడదు."

"ఆయప్ప మాట ఎత్తొద్దు."

"ఎత్తుతాను. రేపు ఆయప్పే వచ్చి ఇంటి ముందర నిలబడితే అప్పుడు..."

"రాడు."

"వస్తే?"

"రాడు అక్కా. వదిలేయి. గాజులు వేసుకో, ఆ పాప వచ్చే వేళాయె."

"వేసుకోను. నా మొఖం తీస్తే కూర్చుంటాను. లేదంటే సంచి ఎత్తుకొని పోతాను. రేపటి నుంచి నీ మొఖంతోనే కట్టుకో దండలు."

"నువ్వు పోతే అంగడి మూసేయాల్సిందే. రవికెలు నమ్ముకొని ఇద్దరమూ తినగలమా? మళ్ళా కూలికే పోవాల."

"మూసేయి. కూలికి పోతే నా మొఖం నా మొఖమే."

అప్పుడే కవిప్రియ కెమెరా పట్టుకొని వచ్చింది. కడత్తూరు భూములవాళ్ళ అమ్మాయి; సంత నడిపేవాళ్ళ దగ్గర ఉద్యోగం; ఆమె ఇంట్లోనూ తెలుగే.

"వణక్కం అక్కా. ఈమేనా మన చేతులక్క?"

"చేతులక్క కాదు పాపా, పెరుమాయి. చేతుల పైన తలకాయ కూడా ఉండాది, చూసుకో."

"అయ్యో, తప్పుగా అనుకోవద్దు. మీ దండలు సూపర్‌గా ఉంటాయి. మా అక్క పెళ్ళికి కూడా ఇవే వేసినాము."

"మీ బావ బాగుండాడా?"

"బాగున్నారు. ఎందుకక్కా?"

"ఊరికే అడిగినాను. నేను ముండమోసినదాన్ని. మీ అక్క మెడలో ఉండేది నేను కట్టిందే. బావ బాగుండాడు కదా, ఇంకేమి. నా మొఖం తీయి."

"అక్కా, నిజం చెప్తున్నా, నాకు ఇవన్నీ నమ్మకం లేదు. కాలేజీలో ఆడవాళ్ళ హక్కుల గురించి మాట్లాడి ప్రైజు కూడా తీసుకున్నాను. కానీ కొనేవాళ్ళు అట్లా అనుకోరు కదా."

"కొనేవాళ్ళను అడిగితే పెద్దోళ్ళు అంటారు. పెద్దోళ్ళను అడిగితే శాస్త్రం అంటారు. ఆ శాస్త్రం ఏ ఊర్లో ఉండాదో చెప్పు పాపా, బస్సు ఎక్కి పోయి నేనే అడిగి వస్తాను."

"కోపపడకండి. ఇది పెళ్ళి వస్తువు, మంగళకరమైన మొఖం ఒకటి కావాలి. సరసమ్మక్కను చూడండి, అమ్మవారి మాదిరి ఉన్నారు. మీకు వేరే చేద్దాం. 'కష్టజీవులు' అని ఒక వీడియో ప్లాన్‌లో ఉంది. దాంట్లో మిమ్మల్ని పెద్దగా పెడతాను, ప్రామిస్."

"దాంట్లో ఏడవాలా?"

"అది... కొంచెం ఏడిస్తే బాగానే ఉంటుంది."

"సరసా, సంచి ఇట్ల ఇయ్యి."

"సరసమ్మక్కా, మీరైనా చెప్పండి ఆమెకు. సరే, ముందు మీ మొఖం తీసేద్దాం, ఆలోపల ఆమె శాంతమవుతారు. ఇక్కడ కూర్చోండి. పేరు, ఊరు, మీ వీట్టుకారర్ పేరు చెప్పి నవ్వండి. కెమెరా ఆన్ చేసినాను."

"సరసమ్మ. వెల్లిచందై."

"మీ ఆయన పేరు?"

"ఆంజనేయన్."

"నవ్వండి అక్కా. ఆయన ఏం చేస్తారు?"

"ఏమీ చేయడు."

"ఏదో ఒకటి చెప్పండి. వ్యవసాయం అనండి, బాగుంటుంది."

"చచ్చిపోయినోడు ఏమి వ్యవసాయం చేస్తాడు?"

"ఏమంటాండావు సరసా?"

"పోయిన ఆడి నెలలో అక్కా. బోరు లారీ డ్రైవర్ మణివణ్ణన్ ఫోన్ చేసినాడు. జ్వరం వచ్చి పోయినాడంట, అక్కడే కాల్చేసినారంట. ఎవురెవురికి చెప్పాలమ్మా అని అడిగినాడు. ఎవురికీ వద్దంటిని. ఆ దినమే పెండ్లివాళ్ళు వస్తారని ఉండింది. మొఖం కడుక్కొని, బొట్టు పెట్టుకొని, నువ్వు కట్టిన దండ వాళ్ళ చేతిలో పెట్టినాను. వాళ్ళు నా కాళ్ళు ముట్టుకొని పోయినారు."

"అక్కా, ఒక్క నిమిషం, కెమెరా ఆఫ్ చేస్తాను."

"చేయొద్దు. నేను చెప్పేది పడనీ."

"నాకు కూడా చెప్పకపోతివే సరసా."

"చెప్పితే ఊరంతా వస్తారు. నా చేయి పట్టుకోమని నీకు చెప్తారు. నువ్వు ఎట్ల పట్టుకుంటావు అక్కా?"

"అక్కా, ప్లీజ్, ఇది బయటకు పోతే సంతకే చెడ్డపేరు. మీరు చెప్పింది నేను వినలేదు అనుకుంటాను. మళ్ళీ మొదటి నుంచి తీద్దాం."

"ఏం మళ్ళా? ఆడి నెల నుంచి అందరూ ఈ నా అమ్మవారి మొఖం చూసే కొన్నారు పాపా. ఒక్కరి మొగుడైనా చచ్చినాడా? రా, ఆ అట్టలన్నీ పెరికేయి. ఆమె మొఖం పెట్టు, ఆమె పేరు పెట్టు, దారం తగిలించిన ఆమె కాలు కూడా పెట్టు. కట్టింది ముండమోసిన ఆడది, అమ్మింది ముండమోసిన ఆడది అని తమిళంలో పెద్ద అక్షరాలతో రాయి. రాసి, గోడకు కొట్టినాకే తలుపులు తెరువు."