పడవ మీది మాట

తైవాన్‌లోని కీలుంగ్ రేవులో పొద్దున్నే ఒక ముసలాయన, ఆయన కోడలు చేపల పడవల ముందు నిలబడ్డారు. బడీడు రాని మనవరాలు యూలిన్ తల్లి చెయ్యి పట్టుకుని ఉంది.

“యూలిన్‌కి చదవడం వచ్చేసిందంటారు గానీ, అది చదవడం కాదు మామయ్యా. దానికి నేర్పడానికి మీరు మాటలు రాసిన అట్టముక్కల్లో ‘సముద్రం’ అట్ట మీద టీ మరకుంది. మరక చూసి చెప్పేస్తోంది. రేపే ట్యూషన్‌లో వేస్తాను.”

“అట్టలు ఇంట్లోనే ఉన్నాయి కదమ్మా. ఆ నీలం పడవ మీద రాసున్న పేరు చదవమను.”

పిల్ల పడవకేసి చాలాసేపు చూసి, తల్లి చెవిలో ఏదో చెప్పింది.

“ఏమంటోంది?”

“మొదటి మాట ‘సముద్రం’ అంట. రెండోది రాదంట.”

“ఏదో ఒకటి అనెయ్యలేదా?”

“లేదు. రాదనే చెప్పింది.”

“నా మనవరాలమ్మా మరి.”

“మీ మనవరాలే, ఒప్పుకున్నాను. ట్యూషనూ వద్దు, ఏమీ వద్దు. ఆ రెండోది కూడా మీరే నేర్పండి.”

“నాకూ రాదమ్మా. నువ్వు చెప్తే ఇద్దరం నేర్చుకుంటాం.”